నాన్నకి టాక్‌బ్యాక్ ఎలా నేర్పాలి? ఫోన్ ఇంగ్లీషులో వాగుతోంది, ఆయన విసిగిపోయారు

తెనాలి_అమ్మాయి
మా నాన్నకి 64 ఏళ్ళు. హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. గ్లకోమా. కుడికన్ను ఆరేళ్ళ కిందటే పోయింది. ఎడమ కంటికి ఈ సంక్రాంతి తర్వాత నుంచి లైటు వేశారా ఆర్పారా అన్నంత వరకే తెలుస్తోంది. పోయిన చూపు ఇక రాదని డాక్టరు గారు తేల్చి చెప్పేశారు.

పోయిన వారం ఆయన ఫోన్లో టాక్‌బ్యాక్, అదే తెర మీద ఉన్నది చదివి వినిపించేది, ఆన్ చేసి ఇచ్చాను. అప్పటి నుంచి ఇంట్లో ఒకటే రభస. మొదటిది, అది ఇంగ్లీషులో గడగడా వాగుతుంది. నాన్నకి ఇంగ్లీషు వచ్చు కానీ ఆ వేగం, ఆ యాస పట్టుబడటం లేదు. తెలుగు మెసేజ్ వస్తే మాత్రం నోరు మూసుకుంటుంది. రెండోది డబుల్ ట్యాప్. బల్ల మీద సుద్దముక్క కొట్టినట్టు టక్... టక్ అని కొడతారు, ఫోను పట్టించుకోదు. మూడోది, మొన్న రాత్రి పదకొండింటికి ఏదో నొక్కబోతే వాళ్ళ పాత హెడ్మాస్టరు గారికి కాల్ వెళ్ళిపోయింది. అవతల ఆయన "ఎవరూ? ఎవరూ?" అంటున్నారు, ఈయనకి కట్ చేయడం తెలియక ఫోన్ని దిండు కింద పెట్టేశారు.

నిన్న "ఇది కళ్ళున్నవాళ్ళు గుడ్డివాళ్ళ గురించి ఊహించుకుని చేసిన వస్తువే, నాకొద్దు" అని బీరువాలో పెట్టించారు. తమ్ముడేమో ఐఫోన్ కొందామంటాడు. పెద్దవయసులో నేర్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. నేర్పాల్సింది నేనే, నాకేమో రాదు.

అన్‌లేబుల్డ్_బటన్
ఇంతకీ హెడ్మాస్టరు గారు క్షేమమేనా?

తెనాలి_అమ్మాయి
పొద్దున్నే ఆయనే చేసి "ఏమయ్యా, ఒంట్లో బాగానే ఉందా" అని అడిగారు. గంటసేపు మాట్లాడుకున్నారు. టాక్‌బ్యాక్ వల్ల ఇప్పటికి జరిగిన లాభం అదొక్కటే.

వేళ్ళే_కళ్ళు
నాకు పుట్టుకతోనే చూపు లేదు. విశాఖలో బ్యాంకు ఉద్యోగం, పన్నెండేళ్ళుగా ఈ ఫోన్ల మీదే బతుకు. ఇందులో మాస్టారి తప్పేం లేదమ్మా. ఏదీ సరిచేయకుండా చేతికిచ్చేశారు, అంతే.

ముందు టాక్‌బ్యాక్ ఆపి, మీరు చూస్తూ ఈ పనులు చేసేయండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో టెక్స్ట్ టు స్పీచ్. గూగుల్ స్పీచ్ ఇంజిన్ ఉంటుంది, దానికి తెలుగు భాష పెట్టి, వైఫై ఉన్నప్పుడే తెలుగు గొంతు డౌన్‌లోడ్ చేసుకోండి. వేగం బాగా తగ్గించండి. ప్యాటర్న్ లాక్ ఉంటే తీసేసి వేలిముద్ర పెట్టండి. అక్కడే యాక్సెసిబిలిటీలో పవర్ బటన్‌తో కాల్ కట్ చేసే ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చేస్తే ఇక దిండు అవసరం రాదు. రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి కాసేపు నొక్కితే టాక్‌బ్యాక్ ఆన్, మళ్ళీ నొక్కితే ఆఫ్ అయ్యేలా షార్ట్‌కట్ పెట్టండి. మీకూ ఆయనకీ గొడవలు సగం తగ్గుతాయి.

ఇక నేర్పడం. మొదటి వారం కాల్స్, వాట్సాప్ జోలికి పోకండి. క్యాలిక్యులేటర్ తెరిచి ఇవ్వండి. ఏం నొక్కినా ప్రమాదం లేదు, ఎవరికీ కాల్ వెళ్ళదు. వేలు తెర మీద పెట్టి మెల్లగా జరిపితే ఏ అంకె మీద ఉన్నారో చెబుతుంది, డబుల్ ట్యాప్ చేస్తే ఆ అంకె పడుతుంది. అది వచ్చాక, వేలితో వెతకడం మానేసి కుడివైపుకి చిన్నగా తోయడం నేర్పండి. ఒక్కో తోపుకి ఒక్కో వస్తువు, జపమాలలో పూస జరిపినట్టు. ఎడమకి తోస్తే వెనక్కి. కొత్తవాళ్ళు తెరంతా తడుముతారు. పాతవాళ్ళు పూసలు జరుపుతారు.

డబుల్ ట్యాప్ సంగతి. తెలుగు పండితుడన్నారు కదా, రెండు గురువులు కాదు మాస్టారూ, రెండు లఘువులు అని చెప్పండి. గగ కాదు, లల.

తెనాలి_అమ్మాయి
అయ్యో, ఈ మాట మొదటే తట్టలేదేం! ఇప్పుడే వెళ్ళి చెప్పాను. నవ్వారు. సంక్రాంతి తర్వాత ఫోన్ విషయంలో నవ్వడం ఇదే మొదలు. బీరువా తాళం మాత్రం ఇంకా ఇవ్వలేదు.

అన్‌లేబుల్డ్_బటన్
అయితే ఐఫోన్లో ట్రిపుల్ ట్యాప్‌ని నగణం అనాలి.

పక్కింటి_పంతులు
నాకు చూపు బాగానే ఉంది, తెలియక అడుగుతున్నాను. ఇంత తతంగం ఎందుకు? "హే గూగుల్, ఫలానావాళ్ళకి కాల్ చెయ్" అంటే అయిపోదా? మా అత్తగారు అలాగే చేస్తారు.

ఓరుగల్లు_పిల్లగాడు
కాల్ చేసుడు వరకు అయితది అన్నా. బస్సులో కూసొని పక్కోడు వింటుండంగ "హే గూగుల్, నా జీతం మెసేజ్ చదువు" అంటవా? బ్యాంకు పిన్ను గట్టిగ చెప్తవా? గ్రూపులో వచ్చిన రెండొందల మెసేజ్‌లల్ల నాకు కావాల్సింది ఒక్కటుంటది, దాన్ని ఎట్ల వెతుకుతవు? అసిస్టెంట్‌కి మనం పని చెప్తం. టాక్‌బ్యాక్ లాంటి స్క్రీన్ రీడర్ ఉంటే మన పని మనమే చేసుకుంటం.

పక్కింటి_పంతులు
సరే బాబూ, ఒప్పుకున్నాను.

నోకియా_తాతయ్య
వేళ్ళే_కళ్ళు చెప్పినవన్నీ బాగున్నాయి కానీ ఒక ముక్క వదిలేశారు. ఫోన్ భాష కూడా తెలుగులోకి మార్చాలి. గొంతు తెలుగు, తెర మీద రాతలు ఇంగ్లీషు అయితే మాస్టారికి అటూ ఇటూ కాకుండా పోతుంది.

నాకు నలభై దాటాక చూపు పోయింది. అప్పట్లో నోకియా ఎన్70లో టాక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేయించుకున్నాను. దానికి పెట్టిన డబ్బుతో ఇంకో ఫోన్ వచ్చేది. తెలుగు ఊసే లేదు. కానీ బటన్లుండేవి చూశారూ, 5 మీద చిన్న గీత ఉండేది, బొటనవేలికి దారి తెలిసేది. అద్దంలాంటి ఫోన్లు వచ్చినప్పుడు మా బ్యాచ్ మొత్తం ఇక మన పని అయిపోయిందనుకున్నాం. 2009లో ఐఫోన్ 3జీఎస్‌లో తెర చదివి వినిపించే వాయిస్‌ఓవర్ వచ్చిందని విని, అద్దాన్ని గుడ్డివాడు ఎలా వాడతాడురా అని నవ్వాను. ఆ ఏడే ఆండ్రాయిడ్ 1.6లో టాక్‌బ్యాక్ కూడా వచ్చింది. ఇప్పుడు ఆ అద్దం మీదే టీవీ రీచార్జి, కరెంటు బిల్లు, మనవరాలి ఫీజు అన్నీ. కాబట్టి మాస్టారిని బీరువా తెరవమనండి.

వేళ్ళే_కళ్ళు
తాతయ్యా, మీతో ఇక్కడ నాకు పేచీ. ఫోన్ భాష తెలుగు పెడితే మెనూలన్నీ అనువాదపు తెలుగులోకి పోతాయి. రేపు మాస్టారు ఇరుక్కుని నాకు ఫోన్ చేస్తే నేను "సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్ళండి" అంటాను. ఆయన ఫోన్లో ఆ మాట ఉండదు, ఇంకేదో ఉంటుంది. సాయం చేసే పిల్లలకీ అర్థం కాదు. ఫోన్ ఇంగ్లీషు, గొంతు తెలుగు పెట్టుకుంటే రెండూ నడుస్తాయి. తెలుగు గొంతు ఇంగ్లీషు మాటల్ని మన యాసలో చదువుతుంది, మాస్టారికి అదే నయం.

నోకియా_తాతయ్య
సాయం చేసేవాళ్ళ సౌకర్యం కోసం ఫోన్ పెట్టుకోవాలా, వాడేవాడి కోసమా? మా ఆవిడ ఫోన్ పూర్తిగా తెలుగులోనే ఉంది, ఐదో తరగతి చదివింది, నాకంటే జోరుగా వాడుతుంది.

వేళ్ళే_కళ్ళు
అమ్మమ్మ గారికి మీరు పక్కనే ఉన్నారు.

డాలస్_సుధ
ఆ ముక్క మాస్టారినే అడిగితే పోలా?

ఐఫోన్ గురించి. నాకు ఆర్‌పీ (రెటినైటిస్ పిగ్మెంటోసా) అనే కంటిజబ్బు, చూపు సన్నటి గొట్టంలోంచి చూసినట్టుంటుంది. 2012 నుంచీ వాయిస్‌ఓవరే వాడుతున్నాను. బాగుంటుంది, కాదనను. కానీ తెలుగు గొంతు వచ్చింది 2022లో, ఐఓఎస్ 16తో. అంతవరకూ అమ్మ తెలుగులో పంపే మెసేజ్‌లు మా ఆయన చదివి పెట్టేవాడు. మా అమ్మ నన్ను తిట్టే తిట్లు మొగుడి నోటి వెంట వినాల్సి వచ్చేది. గొంతు వచ్చిన రోజు పాత మెసేజ్‌లన్నీ వెనక్కి తిప్పి విన్నాను. చాలా ముక్కలు ఆయన దాటేశాడని అప్పుడు తెలిసింది.

తమ్ముడికి చెప్పు, ఇప్పుడే కొనొద్దని. ఉన్న ఫోన్లో రెండు నెలలు చేయి తిరిగాక ఆలోచించండి. రోటర్ అని ఒకటుంటుంది, రెండు వేళ్ళతో కుళాయి తిప్పినట్టు తిప్పాలి, దానితో అక్షరాలు, మాటలు, హెడింగ్‌లు అని మార్చుకుంటాం. నాకు ఇప్పుడు ప్రాణం గానీ, మొదట్లో ఏడిపించింది. ఇప్పుడే నేర్చుకుంటున్న చేతులకి రెండు రకాల సైగలు అలవాటు చేస్తే గందరగోళమే.

ఓరుగల్లు_పిల్లగాడు
గొంతుల ముచ్చట వచ్చింది కాబట్టి నాదీ ఒక మాట. గూగుల్ తెలుగు గొంతు వినసొంపుగానే ఉంటది, కానీ వేగం పెంచితే మాటలు మింగుతది. నేను ఈస్పీక్ వాడుత. ఫ్రీ, తెలుగు కూడా ఉన్నది. డబ్బాల గులకరాళ్ళు పోసి ఊపినట్టుంటది గానీ వేలు పెట్టంగనే పలుకుతది, ఎంత వేగం పెట్టినా అక్షరం పోనియ్యదు. కంప్యూటర్ల ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తోటి కూడా అదే. హాస్టల్ల మా రూమ్మేట్ మొదటి రోజు విని "అన్నా, నీ ఫోన్ల మిక్సీ తిరుగుతుందా" అన్నడు.

తెనాలి_అమ్మాయి
యూట్యూబ్‌లో ఈస్పీక్ తెలుగు వినిపించాను. "ఇది భాషాహత్య" అన్నారు నాన్న. గూగుల్‌దే ఉంచుతాం.

అన్‌లేబుల్డ్_బటన్
మాస్టారూ, వాట్సాప్ గ్రూపులకి వెళ్ళే దాకా ఆగండి, అప్పుడు తెలుస్తుంది అసలు హత్య. మా బంధువుల గ్రూపు పేరులోనే తొమ్మిది ఎమోజీలు. మెసేజ్ వచ్చిన ప్రతిసారీ "జోడించిన చేతులు, జోడించిన చేతులు, ఎర్ర గులాబీ, వెలుగుతున్న దీపం" అని పూజ మొదలు. తీరా మెసేజ్ "సరే".

డాలస్_సుధ
ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాళ్ళని మరిచిపోయావు. మా మరిది "వస్తున్నా, వంట చేయకు" అని పంపితే, ఇంగ్లీషు గొంతు ఇటలీవాడెవడో తిడుతున్నట్టు చదివింది. ఏంటో అర్థం కాక వంట చేసేశాను.

మొబైల్_సుబ్బు
నాకు చిన్న మొబైల్ షాపు ఉంది. చూపున్నవాళ్ళ ఫోన్లలో ఈ టాక్‌బ్యాక్ పొరపాటున ఆన్ అయిపోతుంది, "అన్నా ఫోన్ పిచ్చెక్కింది" అని తెస్తారు. నెలకి నలుగురైదుగురు ఖాయం. మేం ఆఫ్ చేసి పంపిస్తాం. ఇది ఎవరికోసమో ఈ పోస్ట్ చదివే దాకా నిజంగా ఆలోచించలేదు.

వేళ్ళే_కళ్ళు
సుబ్బూ, నువ్వు దొరికావు. రెండేళ్ళ కిందట నా ఫోన్ స్క్రీన్ గార్డు మార్చమని ఒక షాపులో ఇచ్చాను. చేతికి తిరిగొచ్చాక ఎంత తోసినా పలకదు. చచ్చిపోయిందనుకున్నా. షాపతను ఏమన్నాడో తెలుసా? "సార్, మీ ఫోన్ దానంతటదే మాట్లాడుతోంది, వైరస్ పట్టింది, తీసేశాను. దానికి వంద ఎక్స్‌ట్రా." నల్లకళ్ళద్దాలు, చేతిలో తెల్లకర్ర, ఎదురుగా నిలబడి ఉన్నాను.

మొబైల్_సుబ్బు
వంద ఇచ్చారా?

వేళ్ళే_కళ్ళు
వైరస్ మళ్ళీ ఎక్కించి, స్క్రీన్ గార్డు డబ్బు మాత్రమే ఇచ్చాను.

కోడ్_కూలీ
హైదరాబాద్‌లో యాప్‌లు చేసే ఉద్యోగం నాది. ఈ పోస్ట్ చదివి మధ్యాహ్నం మా యాప్ తెరిచి, టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్ళు మూసుకున్నాను. "బటన్, అన్‌లేబుల్డ్. బటన్, అన్‌లేబుల్డ్. బటన్, అన్‌లేబుల్డ్." మూడింటిలో ఒకటి డబ్బు పంపేది, ఒకటి డిలీట్ చేసేది. మూడూ రాసింది నేనే.

సిగ్గుగా ఉంది కానీ ఎందుకిలా జరుగుతుందో చెబుతాను. బటన్‌కి బొమ్మ మాత్రమే పెడితే చూసేవాడికి అర్థమవుతుంది. ఆ బొమ్మకి కంటెంట్ డిస్క్రిప్షన్ అని ఒక పేరు రాసిపెడితేనే టాక్‌బ్యాక్ దాన్ని చదువుతుంది. ఒక్క లైను. రాయకపోయినా యాప్ ఆడుతుంది కాబట్టి టెస్టింగ్‌లో ఎవరూ పట్టించుకోరు. గూగుల్‌దే యాక్సెసిబిలిటీ స్కానర్ అని ఉచిత యాప్ ఉంది, తెర మీద ఏ బటన్‌కి పేరు లేదో, ఏది వేలికి అందనంత చిన్నదో గీతలు గీసి చూపిస్తుంది. ఇవాళ మా హోమ్ పేజీ ఒక్కదానికే పదకొండు గీతలొచ్చాయి. ఎనిమిది సరిచేశాను. మిగతా మూడు డిజైన్ వాళ్ళతో పోట్లాడి చేయాలి.

అన్‌లేబుల్డ్_బటన్
ఇన్నాళ్ళకి నా సృష్టికర్త కనిపించాడు. తండ్రీ!

వేళ్ళే_కళ్ళు
కూలీ గారూ, మీరు సరిచేసే దాకా మేం ఊరికే కూర్చోంలెండి. టాక్‌బ్యాక్‌లో పేరులేని బటన్‌కి మనమే పేరు పెట్టుకోవచ్చు. తెనాలి అమ్మాయి, ఇది నీ పని. నాన్నగారు వాడే యాప్‌లలో పేరులేని బటన్లు వెతికి, ఆ బటన్ మీద ఉండగా మూడు వేళ్ళతో ఒకసారి తట్టి మెనూ తెరువు, అందులో లేబుల్ జోడించే ఆప్షన్ ఉంటుంది. తెలుగులోనే రాయి.

అసలు బాధ పేర్లు కాదు, అప్‌డేట్లు. పోయిన ఏడాది నేను వాడే ఒక డబ్బు యాప్ రాత్రికి రాత్రి మారింది. ముందురోజు దాకా చక్కగా పలికిన అంకెల కీప్యాడ్ తెల్లారేసరికి మూగది. కిరాణా కొట్లో నిలబడి 340 రూపాయలు పంపలేక, వెనకాల ఎవరో అబ్బాయికి ఫోన్ ఇచ్చి పిన్ చెప్పాను. బ్యాంకు ఉద్యోగిని, పిన్ ఎవరికీ చెప్పకండి అని రోజూ అందరికీ చెప్పేవాణ్ణి. ఇంటికి రాగానే మార్చేశాననుకోండి, కానీ రెండ్రోజులు నిద్ర పట్టలేదు.

ఓరుగల్లు_పిల్లగాడు
నాకైతే ఒక బ్యాంకు యాప్ తెరుచుకోనే లేదు. "మీ ఫోన్ల ప్రమాదకర సర్వీస్ నడుస్తుంది" అని మూసుకుంటది. ఆ ప్రమాదకర సర్వీస్ నా స్క్రీన్ రీడర్.

కోడ్_కూలీ
దానికి కారణం ఉంది, సమర్థించడం లేదు. యాక్సెసిబిలిటీ అనుమతి ఉన్న యాప్ తెర మీద ఉన్నదంతా చదవగలదు, మన బదులు బటన్లు నొక్కగలదు. మీకు కావాల్సిందీ అదే, దొంగ యాప్‌లకి కావాల్సిందీ అదే. పార్సిల్ వచ్చింది, చలానా పడింది అని లింకు పంపి ఎక్కించే యాప్‌లు ఈ అనుమతే అడుగుతాయి. దాంతో కొన్ని యాప్‌లు ఏ సర్వీస్ కనిపించినా తలుపు మూసేస్తున్నాయి. ఏది స్క్రీన్ రీడరో ఏది దొంగో విడదీసి చూడాలి, అది కాస్త శ్రమ. నువ్వు వాడేది టాక్‌బ్యాకేనా, ప్లే స్టోర్ బయటి నుంచి వేసుకున్నదా?

ఓరుగల్లు_పిల్లగాడు
బయటిదే. ఫీచర్లు ఎక్కువుంటయని వేసుకున్న.

కోడ్_కూలీ
బ్యాంకు పనికి టాక్‌బ్యాక్‌కి మారి చూడు. చాలావాటిలో అది చాలు.

నోకియా_తాతయ్య
బ్యాంకు అంటే గుర్తొచ్చింది. ఖాతా కేవైసీ ఇంట్లోంచే చేసుకోవచ్చన్నారు. వీడియో తెరిస్తే "మొహం గుండ్రంలో పెట్టండి, కళ్ళు ఆర్పండి" అంది. గుండ్రం ఎక్కడుందో నాకెలా తెలుస్తుంది? నావి రెండూ కృత్రిమ కళ్ళు, ఆర్పితే దానికి నచ్చదు. నాలుగుసార్లు "ప్రాణమున్న మనిషిగా నిర్ధారణ కాలేదు" అంది. మా ఆవిడ పక్కనుంచి "నేను చెబుతాను, ఉన్నాడు" అంటోంది.

వేళ్ళే_కళ్ళు
దాని మీద 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది తాతయ్యా. యాసిడ్ దాడి బాధితులూ, చూపు లేని ఒకాయనా వేసిన కేసుల్లో. కళ్ళార్పడం ఒక్కటే ప్రాణానికి రుజువు కాకూడదు, వేరే పద్ధతులూ ఉండాలని, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని చెప్పి, ఇరవై ఆదేశాలిచ్చారు. మళ్ళీ అలా అయితే బ్రాంచికి వెళ్ళి ఆ తీర్పు పేరు చెప్పి రాతపూర్వకంగా అడగండి. అడిగినచోట కదులుతున్నారు, అడగనిచోట ఎవరూ కదలరు. కౌంటర్ ఇవతల కూర్చునేవాణ్ణి, నాకు తెలుసు.

పక్కింటి_పంతులు
నోట్లు ఎలా గుర్తుపడతారు? ఇది కూడా తెలియకే అడుగుతున్నా.

నోకియా_తాతయ్య
అడగడంలో తప్పేముందయ్యా. పొడవుతో. వంద నోటు 142 మిల్లీమీటర్లు, రెండొందలది 146, అయిదొందలది 150. నాలుగు మిల్లీమీటర్ల తేడా పట్టడానికి నోటుని చూపుడువేలి చుట్టూ మడిచి కొలుస్తాను. వంద మీద త్రికోణం, అయిదొందల మీద గుండ్రం ఉబ్బెత్తుగా ఉంటాయి కానీ చేపల మార్కెట్‌కి నాలుగుసార్లు వెళ్ళొచ్చిన నోటు మీద ఏ ఉబ్బూ మిగలదు. రిజర్వ్ బ్యాంకు వాళ్ళ మణి అనే యాప్ 2020 నుంచి ఉంది, ఇంటర్నెట్ లేకపోయినా కెమెరా ముందు నోటు పెడితే చెబుతుంది. ఆటోవాడి ముందు ఫోన్ తీసి, యాప్ తెరిచి, నోటు చాచి... ఈలోపు వాడే "అయిదొందలండీ" అంటాడు. నిజమే చెబుతారు చాలామంది.

డాలస్_సుధ
అమ్మాయీ, చుక్కల మందు సీసాల గురించి ఎవరూ చెప్పలేదు. గ్లకోమా అంటే చుక్కలు ఆపకూడదు కదా, సీసాలన్నీ ఒకే సైజు. రాత్రి వేసేదానికి రబ్బరు బ్యాండ్ చుట్టు. ఫోన్ తెర మీద ఎక్కువగా నొక్కే చోటికి నేరుగా గీతలో ఫోన్ కవరు అంచున స్టిక్కర్ బొట్టు అంటించు, వేలికి గుర్తు ఉంటుంది. మందు పట్టీల మీద తేదీ చదవాలంటే బి మై ఐస్ అనే యాప్ ఉంది. 2015లో డెన్మార్క్‌లో మొదలైంది. చూపున్న వలంటీర్‌కి వీడియో కాల్ వెళుతుంది. ఇప్పుడు ఫొటో తీస్తే ఏఐ కూడా చెబుతుంది, కానీ మందుల విషయంలో దాన్ని నేను నమ్మను. ఒకసారి పట్టీ మీద చెరిగిపోయిన అంకెను ఏమాత్రం తడబడకుండా తప్పు చదివింది. మనిషయితే "సరిగ్గా కనబడటం లేదండీ, కాస్త తిప్పండి" అంటాడు.

అన్‌లేబుల్డ్_బటన్
బయటికెళ్ళినప్పుడు స్క్రీన్ దాచే ఆప్షన్ పెట్టమనండి. తెర నల్లగా అయిపోతుంది, ఫోన్ మామూలుగా పనిచేస్తుంది, పక్కవాడు తొంగిచూడలేడు. మొన్న బస్సులో ఒకాయన నా నల్ల తెర మీద వేళ్ళాడటం చూసి చాలాసేపు బాధపడి, చివరికి భుజం తట్టి "బాబూ, ఫోన్ ఆఫ్‌లో ఉంది" అన్నాడు.

తెనాలి_అమ్మాయి
తొమ్మిది రోజుల తర్వాత. బీరువా తెరుచుకుంది.

క్యాలిక్యులేటర్ ఐడియా పనిచేసింది. నాలుగు రోజులు ఎక్కాలు వేశారు, అందులోనూ పదమూడో ఎక్కం, ఫోన్‌కి రాదేమోనని పరీక్షించడానికి. డబుల్ ట్యాప్ ఇప్పుడు పదిసార్లకి ఏడెనిమిది పడుతోంది. పడనప్పుడు "గురువైపోయింది" అని తనే అంటారు. వేళ్ళు పొడిబారి ఉంటే ఫోన్ పట్టించుకోవడం లేదని కూడా కనిపెట్టారు, తడిగుడ్డ పక్కన పెట్టుకుంటున్నారు.

ఫోన్ భాష సంగతి ఆయన్నే అడిగాను. రెండూ మూడేసి గంటలు వాడి, ఇంగ్లీషే ఉంచమన్నారు. తెలుగు మెనూల్లో మాటలు విని "ఎవరమ్మా ఈ అనువాదకుడు, మార్కులు వేస్తాను" అన్నారు. తాతయ్య గారూ, సారీ.

ఓటీపీ మాత్రం ఇబ్బంది. ఆరంకెల్నీ కలిపి "నాలుగు లక్షల పన్నెండు వేల..." అని చదువుతోంది.

నోకియా_తాతయ్య
తీర్పు శిరోధార్యం.

వేళ్ళే_కళ్ళు
ఓటీపీకి: మెసేజ్ మీద ఉండగా మూడు వేళ్ళతో పైకో కిందకో తోస్తే మాటలు, అక్షరాలు, పంక్తులు అని మారుతూ వస్తుంది. అక్షరాలు అన్నప్పుడు ఆగి, ఒక వేలితో కిందకి తోస్తూ పోతే ఒక్కో అంకె విడిగా చెబుతుంది. చెవిలో ఇయర్‌ఫోన్ ఒకవైపే పెట్టుకోమనండి, రెండో చెవి ఇంటికి కావాలి.

తెనాలి_పండితుడు
మా అమ్మాయి ఖాతా తెరిచి ఇచ్చింది. నోటితో చెబుతుంటే ఫోను రాస్తోంది. తప్పులుంటే నావి కావు. అందరి మాటలూ రెండు సాయంత్రాలు విన్నాను. లల అన్నవారికి ప్రత్యేకంగా చెప్పాలి, ముప్పై ఏళ్ళు పిల్లలకి నేర్పింది నాకు ఇలా తిరిగొస్తుందనుకోలేదు.

ఒక సమస్య. పాత పద్యాలు వినాలని ఒక పుస్తకం పీడీఎఫ్ తెప్పించుకున్నాను. ఫోను దాన్ని ఇంగ్లీషు అక్షరాలు, చిహ్నాలు కలిపి రోట్లో వేసినట్టు చదువుతోంది. ఇంకోచోట నుంచి తెచ్చిన పద్యాలు తెలుగులోనే చదివింది కానీ పాదం చివర ఆగిపోతుంది. పద్యంలో మాట పాదం చివర విరిగి కింది పాదంలోకి పోతుంది కదా. వీడు సగం మాట అని, ఊపిరి పీల్చుకుని, మిగతా సగం వేరే మాటలాగా అంటాడు. ఉపాయం ఉందా?

ఓరుగల్లు_పిల్లగాడు
మాస్టారూ, మొదటి దానికి నేనూ బాధితుణ్ణే, గ్రూప్స్ మెటీరియల్ సగం అట్లనే ఉంటది. అవి యూనికోడ్ రాకముందు డీటీపీ ఫాంట్లల్ల కొట్టినవి. కంటికి తెలుగు, లోపల ఇంగ్లీషు అక్షరాలు. స్క్రీన్ రీడర్ లోపలున్నదే చదువుతది. దాన్ని ఫొటోలెక్క మార్చి, గూగుల్ డ్రైవ్‌ల వేసి డాక్స్‌తోటి తెరిస్తే బొమ్మలకెల్లి అక్షరాలు తీస్తది. ఒత్తులు అక్కడక్కడ పోతయి. సుగమ్య పుస్తకాలయ అని మనలాంటోళ్ళకి ఆన్‌లైన్ లైబ్రరీ 2016 నుంచి ఉన్నది, అందుల మెంబరైతే కొన్ని తెలుగు పుస్తకాలు సరిగ్గ చదివేటియి దొరుకుతయి.

కోడ్_కూలీ
రెండోదానికి, పాదాల మధ్య ఎంటర్లు తీసేసి నాలుగు పాదాలూ ఒకే పంక్తిగా కలిపితే ఆగదు. ఫైలు పంపించండి, చిన్న ప్రోగ్రాం రాసి కలిపి ఇస్తాను. కానీ యతి దగ్గర ఆగమంటే మాత్రం నా వల్ల కాదు.

తెనాలి_పండితుడు
యతి దగ్గర ఆగనక్కర్లేదు. నేను ఆగుతాను. పంపుతున్నాను.

ఓరుగల్లు_పిల్లగాడు
మాస్టారూ, మీరు దొరికిండ్రు కాబట్టి ఒక డౌటు. ఉత్పలమాల భ ర న భ భ ర వ కదా, యతి పదో అక్షరమా పదకొండా? పుస్తకం స్కాన్ కాపీ, ఆ అంకె దగ్గర మరక ఉందట, ఫోన్ రెండు తీర్ల చెప్తుంది.

తెనాలి_పండితుడు
పది. పదకొండు చంపకమాలకి.

అన్‌లేబుల్డ్_బటన్
టాపిక్ మారిపోయిందని ఎవరూ రిపోర్ట్ చేయకండి, నేను కూడా రాసుకుంటున్నాను.